హెల్మెట్ వెనుక ఉన్న వైద్యుడు: సర్ హ్యూ కెయిర్న్స్



మన ఖరగ్‌పూర్ పొలిమేరలో ఉన్న విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్ మీలో చాలామందికి తెలుసు. మీలో కొందరి నాన్నగార్లు, అమ్మగార్లు రోజూ అటువైపు వెళ్లి వస్తుంటారు. ఆ పేరు ఎవరిదో ఇక్కడి బెంగాలీ పిల్లలకు చెప్పనక్కర్లేదు. మన తెలుగు పిల్లల కోసం చెబుతున్నాను. ఈశ్వరచంద్ర విద్యాసాగర్ గారు 1820లో ఇప్పటి ఈ పశ్చిమ మేదినీపూర్ జిల్లాలోనే ఉన్న బీర్‌సింహ గ్రామంలో పుట్టారు. మనకు కందుకూరి వీరేశలింగం గారు ఎలాగో, బెంగాలుకు ఆయన అలాగ. 1866లో ఉత్తరపాడాలో ఒక బాలికల పాఠశాలను చూసి వస్తుండగా ఆయన ఎక్కిన గుర్రపుబండి బోల్తాపడింది. ఎగిరి కిందపడ్డ ఆయనకు కడుపులో, కాలేయానికి దెబ్బ తగిలింది. ఆ తర్వాత 25 ఏళ్లు బ్రతికినా, ఆరోగ్యం మళ్లీ మునుపటిలా కుదుటపడలేదు.

బండి మీంచి పడిపోవడం ఒక సంగతి. ఆ పడటంలో ఎంత దెబ్బ తగులుతుందన్నది వేరే సంగతి. ఒకే మలుపులో ఇద్దరు జారిపడితే ఒకరు లేచి బట్టలు దులుపుకుంటారు, ఇంకొకరు లేవరు. దీన్ని మన పెద్దలు తలరాత అన్నారు. కానీ ఒక వైద్యుడు ఆ తలనే పరీక్షించి, ఇందులో రాత కంటే లెక్క ఎక్కువ ఉందని చూపించాడు. ఆయన పేరు హ్యూ కెయిర్న్స్. ఈ రోజు మోటార్‌సైకిల్ ఎక్కేవాళ్లు హెల్మెట్ పెట్టుకోవడానికి కారణమైన వాళ్లలో ఆయన ముఖ్యుడు.

బాల్యం, చదువు

కెయిర్న్స్ 1896 జూన్ 26న ఆస్ట్రేలియాలోని పోర్ట్ పిరీ అనే రేవు పట్టణంలో పుట్టాడు. తండ్రి స్కాట్‌లాండ్ నుంచి వలస వచ్చిన వడ్రంగి. కలిగిన కుటుంబం కాదు. రివర్టన్ అనే చిన్న ఊళ్లో మొదలైన చదువు అడిలైడ్ హైస్కూల్‌కు, అక్కడి నుంచి అడిలైడ్ విశ్వవిద్యాలయంలో వైద్యవిద్యకు సాగింది. మధ్యలో మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. చదువు ఆపి సైన్యం వైద్యవిభాగంలో చేరి, లెమ్నోస్ దీవిలోని సైనిక ఆసుపత్రిలో పనిచేశాడు. వెనక్కి వచ్చి 1917లో డాక్టరయ్యాడు. మళ్లీ సైన్యంతో ఫ్రాన్స్ వెళ్లాడు.

రోడ్స్ స్కాలర్‌షిప్ రావడంతో 1919లో ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చేరాడు. ఊరు మారింది, దేశం మారింది, మాట యాస మారింది. ఇలాంటి మార్పులు మీకు కొత్త కాదు. ఆయన అక్కడ పడవ పందేల్లో విశ్వవిద్యాలయం తరఫున పోటీ చేసేంతగా కలిసిపోయాడు.

ఆ రోజుల్లో మెదడుకు శస్త్రచికిత్స అంటే వైద్యులే వెనుకాడేవారు. అమెరికాలో బోస్టన్ నగరంలో హార్వే కుషింగ్ అనే మహావైద్యుడు ఆ విద్యను ఒక శాస్త్రంగా నిలబెట్టాడు. కెయిర్న్స్ 1926లో ఆయన దగ్గరకు వెళ్లి ఒక ఏడాది శిష్యరికం చేశాడు. లండన్‌కు తిరిగివచ్చి మెదడు శస్త్రచికిత్సలో నిపుణుడిగా పేరు తెచ్చుకున్నాడు.

కాపాడలేకపోయిన రోగి

1935 మే 13న దక్షిణ ఇంగ్లండ్‌లోని డోర్సెట్ ప్రాంతంలో ఒక పల్లెదారిలో ప్రమాదం జరిగింది. బండి నడుపుతున్నది టి. ఇ. లారెన్స్. మొదటి ప్రపంచయుద్ధంలో అరబ్బుల పక్షాన పోరాడి 'లారెన్స్ ఆఫ్ అరేబియా'గా లోకమంతా పేరుపొందిన మనిషి. ఆయనకు మోటార్‌సైకిళ్లంటే ప్రాణం. ఆ రోజు నడిపింది బ్రఫ్ సుపీరియర్ అనే శక్తిమంతమైన బండి. దారి పల్లంలోకి దిగిన చోట సైకిళ్ల మీద వెళ్తున్న ఇద్దరు కుర్రాళ్లు ఎదురుపడ్డారు. వాళ్లను తప్పించబోయి లారెన్స్ హ్యాండిల్ మీదుగా ఎగిరి ముందుకు పడ్డాడు. తలకు హెల్మెట్ లేదు. ఆరు రోజులు స్పృహ లేకుండా ఉండి మే 19న మరణించాడు. అప్పటికి ఆయన వయసు 46.

ఆయనను చూడటానికి పిలిపించిన వైద్యుల్లో కెయిర్న్స్ ఒకడు. అంత నేర్పు ఉన్న చేతులకు కూడా అక్కడ చేయడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. మెదడు అప్పటికే చితికిపోయింది. కొన్నేళ్ల తర్వాత మొదలైన కెయిర్న్స్ పరిశోధనకు బీజం ఇక్కడే పడిందని వైద్యచరిత్ర రాసినవాళ్లు అంటారు. చితికిన మెదడును బాగుచేయడం ఎంత గొప్ప వైద్యుడికైనా కష్టం. కాబట్టి అది చితికిపోకుండా చూడాలి.

చీకటి రోడ్లు, పెరిగిన మరణాలు

1937లో కెయిర్న్స్ ఆక్స్‌ఫర్డ్‌లో శస్త్రచికిత్స శాఖకు ఆచార్యుడయ్యాడు. అక్కడి వైద్య పరిశోధనలకు భారీ విరాళమిచ్చిన లార్డ్ నఫీల్డ్ సైకిళ్లు, మోటార్‌సైకిళ్లతో మొదలుపెట్టి కార్ల తయారీలో కోటీశ్వరుడైనవాడు. కెయిర్న్స్ పదవికి ఆయన పేరే ఉంది. బండ్లు సంపాదించిన డబ్బు బండ్ల వల్ల గాయపడిన వాళ్ల చికిత్సకు అలా ఉపయోగపడింది.

1939లో రెండో ప్రపంచయుద్ధం మొదలైంది. ఆక్స్‌ఫర్డ్‌లోని సెయింట్ హ్యూస్ అనే మహిళా కళాశాలను తలకు గాయాలైన సైనికుల ఆసుపత్రిగా మార్చి, కెయిర్న్స్ దాన్ని నడిపించాడు. అక్కడ ఆయనను ఆశ్చర్యపరిచిన విషయం ఒకటుంది. తలలు పగిలి వస్తున్న వాళ్లలో శత్రువు తూటా తగిలిన వాళ్లే కాదు, తమ దేశపు రోడ్ల మీద మోటార్‌సైకిల్ మీంచి పడిన సైనికులు కూడా ఎందరో ఉన్నారు. ఒక దళం నుంచి ఇంకో దళానికి సందేశాలు మోసుకెళ్లే వాళ్లు వీళ్లు. బాంబుదాడుల భయంతో రాత్రిళ్లు వీధిదీపాలు ఆర్పేసేవారు, బండి లైట్లకు కూడా ముసుగు వేసేవారు. ఆ చీకట్లో ప్రయాణం.

కెయిర్న్స్ లెక్కలు తీశాడు. యుద్ధానికి ముందు 21 నెలల్లో బ్రిటన్ రోడ్ల మీద మరణించిన మోటార్‌సైకిల్ ప్రయాణికులు 1,884 మంది. యుద్ధం మొదలైన 21 నెలల్లో ఆ సంఖ్య 2,279కి చేరింది. వీళ్ల మరణానికి అన్నిటికంటే ఎక్కువగా కారణమైంది తలగాయమే. ఇక హెల్మెట్ పెట్టుకుని పడినవాళ్లు ఆయన దగ్గరకు వచ్చింది ఏడుగురే. ఆ ఏడుగురూ బ్రతికారు.

ఏడు అనేది చాలా చిన్న సంఖ్య. అది కెయిర్న్స్‌కూ తెలుసు. అయినా 1941 అక్టోబరులో ఈ సంగతిని బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించాడు. అదే సంవత్సరం నవంబరులో, విధిలో ఉన్న మోటార్‌సైకిల్ సైనికులందరూ హెల్మెట్ పెట్టుకోవాలని సైన్యం ఆదేశించింది. ఆ తర్వాత ఏం జరిగిందో కెయిర్న్స్ నెలనెలా లెక్క రాసుకుంటూ వచ్చాడు. 1946లో ప్రచురించిన వ్యాసంలో, ఆ ఆదేశం తర్వాత మోటార్‌సైకిల్ మరణాలు తగ్గుతూ వచ్చాయని చూపించాడు.

ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. హెల్మెట్‌ను కనిపెట్టింది కెయిర్న్స్ కాదు. 1914 నాటికే పందెపు దారుల దగ్గర పనిచేసిన ఎరిక్ గార్డ్‌నర్ అనే వైద్యుడు, గుడ్డకు లక్క పట్టించి గట్టిపరచిన హెల్మెట్లను పోటీదారులకు పెట్టించాడు. కానీ అది పందెగాళ్ల వస్తువని, రోజూ రోడ్డు మీద తిరిగేవాళ్లకు అనవసరమని జనం అనుకున్నారు. కెయిర్న్స్ చేసిన పని, ఆ అనుకోవడం తప్పని లెక్కలతో నిరూపించడం.

జున్ను పాత్ర లాంటి తల

కెయిర్న్స్ ఒక్కడే పనిచేయలేదు. హోల్‌బోర్న్ అనే భౌతికశాస్త్రవేత్తను తన పరిశోధనలో కలుపుకున్నాడు. వైద్యుడు గాయాన్ని చూస్తే, భౌతికశాస్త్రవేత్త ఆ గాయం వెనుక ఉన్న బలాన్ని చూశాడు. ఇద్దరూ కలిసి ప్రమాదాల్లో దెబ్బతిన్న హెల్మెట్లను, వాటిని పెట్టుకున్న వాళ్ల గాయాలను పక్కపక్కన పెట్టి పరిశీలించి 1943లో ఫలితాలు ప్రకటించారు.

మెదడు మెత్తగా ఉండే అవయవం. హోల్‌బోర్న్ దానికి బదులుగా జెలటిన్ అనే మెత్తని పదార్థంతో నమూనా చేసి, దాన్ని హఠాత్తుగా తిప్పి చూశాడు. మీకు అర్థం కావాలంటే ఒక గిన్నెలో జున్ను ఊహించుకోండి. గిన్నెను గభాలున తిప్పితే గిన్నె తిరుగుతుంది కానీ జున్ను వెనకబడుతుంది. లోపల అది చీలిపోతుంది. గిన్నెకు సొట్ట కూడా పడకపోవచ్చు. అలాగే పుర్రె పగలకపోయినా లోపల మెదడు దెబ్బతినవచ్చు. పైకి రక్తం కనపడలేదు కదా అని తలకు దెబ్బ తగిలినవాళ్లను ఇంటికి పంపేయకూడదని చెప్పేది ఇందుకే.

హెల్మెట్ చేసే పనులు రెండు. గట్టి పైడొప్ప దెబ్బను ఒకే చోట పడనీయకుండా ఎక్కువ మేర పంచుతుంది. లోపలి భాగం తల ఆగే సమయాన్ని కాస్త పెంచుతుంది. ఆ రోజుల్లో డొప్పకూ తలకూ మధ్య పట్టీలతో ఖాళీ ఉంచేవారు. ఇప్పుడు థర్మోకోల్ లాంటి పొర ఉంటుంది. ఆ పొర తాను నలిగిపోయి తలను కాపాడుతుంది. అందుకే ఒకసారి గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగానే కనిపించినా, దాన్ని మార్చేయాలి. క్రికెట్‌లో క్యాచ్ పట్టేటప్పుడు చేతుల్ని బంతితోపాటు వెనక్కి లాగుతారే, ఇదీ అదే సూత్రం.

దెబ్బ ఎంతన్నది దేన్నిబట్టి?

మొదటిది వేగం. పదకొండో తరగతి పిల్లలు ఈ లెక్క వేసుకోవచ్చు. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ నేరుగా ఒక స్తంభాన్ని గుద్దితే, సుమారు 1.6 మీటర్ల ఎత్తు నుంచి కిందపడినట్టే. 40 కిలోమీటర్లయితే 6.3 మీటర్లు, అంటే రెండంతస్తుల మేడ. 60 అయితే 14 మీటర్లు దాటుతుంది, అంటే నాలుగంతస్తుల పైమాట. వేగం రెట్టింపయితే దెబ్బ రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది.

రెండోది ఏం తగిలిందన్నది. ఖాళీ రోడ్డు మీద జారుకుంటూ పోయినవాడి వేగం కొంచెం కొంచెంగా తగ్గుతుంది. చెట్టు, స్తంభం, లారీ చక్రం తగిలినవాడి వేగం ఒక్క క్షణంలో సున్నా అవుతుంది. కారులో వెళ్లేవాళ్ల చుట్టూ ఇనుప డొప్ప ఉంటుంది. బండి మీద వెళ్లేవాళ్ల చుట్టూ గాలి తప్ప ఏమీ లేదు.

మూడోది శరీరంలో ఎక్కడ తగిలిందన్నది. బండి ప్రమాదాల్లో కాళ్లకు దెబ్బలు తగలడం చాలా మామూలు. అవి బాధ పెడతాయి, నెలల తరబడి మంచాన పడేస్తాయి, కానీ ప్రాణం తీయడం తక్కువ. ప్రాణం తీసేది ఎక్కువగా తల, ఆ తర్వాత ఛాతీ, కడుపు.

నాలుగోది సాయం అందేలోగా గడిచిన సమయం. ఇది కూడా కెయిర్న్స్‌కు బాగా తెలిసిన విషయమే. గాయపడిన సైనికుణ్ని దూరంలో ఉన్న ఆసుపత్రికి మోసుకొచ్చేలోగా ఆలస్యమవుతోందని, ఆసుపత్రినే బండ్ల మీద యుద్ధభూమి దగ్గరకు పంపించాడు. మెదడు శస్త్రచికిత్స చేసే సంచార బృందాలు అలా ఏర్పడ్డాయి. 1943లో తనలాగే అడిలైడ్ నుంచి వచ్చిన శాస్త్రవేత్త హోవర్డ్ ఫ్లోరీతో కలిసి ఉత్తర ఆఫ్రికా వెళ్లి, అప్పుడే వచ్చిన పెనిసిలిన్ మందును సైనికుల గాయాల మీద ప్రయత్నించి చూశాడు.

ఈ నాలుగింటిలో కొన్ని మన చేతిలో ఉండవు. ఎదురుగా ఏ లారీ వస్తుందో మనం నిర్ణయించలేం. వేగం మన చేతిలో ఉంది. తల మీద ఏముందన్నది పూర్తిగా మన చేతిలోనే ఉంది. ఆ తర్వాతి దశాబ్దాల్లో దేశదేశాల్లో జరిగిన 61 అధ్యయనాలను 2008లో ఒకచోట చేర్చి పరిశీలించారు. హెల్మెట్ మరణించే ముప్పును 42 శాతం, తలగాయం ముప్పును 69 శాతం తగ్గిస్తుందని తేలింది. హెల్మెట్ వల్ల మెడ విరుగుతుందని కొందరు భయపెడుతుంటారు. దానికి గట్టి ఆధారం ఏదీ ఆ పరిశీలనలో దొరకలేదు.

ఆయన చూడని చట్టం

1946లో బ్రిటిష్ ప్రభుత్వం కెయిర్న్స్‌కు సర్ బిరుదు ఇచ్చింది. 1952 జులై 18న, 56 ఏళ్ల వయసులో, క్యాన్సర్‌తో ఆక్స్‌ఫర్డ్‌లో కన్నుమూశాడు. సైన్యంలో హెల్మెట్ వచ్చింది కానీ మామూలు ప్రజలకు ఆ నిబంధన ఆయన జీవితకాలంలో రాలేదు. బ్రిటన్‌లో బండి నడిపేవాళ్లు, వెనక కూర్చునేవాళ్లు అందరూ హెల్మెట్ పెట్టుకోవాలన్న చట్టం 1973 జూన్ 1న అమల్లోకి వచ్చింది. అంటే ఆయన మొదటి వ్యాసానికి 32 ఏళ్ల తర్వాత, ఆయన పోయిన 21 ఏళ్లకు. నిజం కనిపెట్టడానికి రెండేళ్లు పట్టింది, దాన్ని జనం తలకెక్కించడానికి మూడు దశాబ్దాలు పట్టింది.

మన దేశంలో 1988 మోటారు వాహనాల చట్టంలోని 129వ సెక్షన్ ఈ సంగతి చెబుతుంది. తలపాగా ధరించే సిక్కులకు మినహాయింపు ఉంది. నడిపేవాళ్లకే కాదు, వెనక కూర్చునేవాళ్లకూ, నాలుగేళ్లు దాటిన పిల్లలకూ హెల్మెట్ తప్పనిసరి. నాలుగేళ్లలోపు పిల్లలతో వెళ్లేటప్పుడు గంటకు 40 కిలోమీటర్ల వేగం దాటకూడదని కూడా నిబంధన వచ్చింది. చట్టం ఇంత స్పష్టంగా ఉన్నా, 2022లో మన దేశంలో హెల్మెట్ లేకుండా ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు 50,029 మంది. వారిలో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్లు. ఈ రెండో సంఖ్యను ఇంకోసారి చదవండి. అమ్మ, చెల్లెలు, నానమ్మ, స్కూలుకు వెళ్లే పిల్లవాడు, సాధారణంగా వెనక కూర్చునేది వీళ్లే.

మన రోడ్డు, మన తల

ఖరగ్‌పూర్ మీదుగా వెళ్లే 16వ నంబరు జాతీయ రహదారిని పట్టుకుని దక్షిణంగా పోతే బాలేశ్వర్, భువనేశ్వర్ దాటి శ్రీకాకుళం, విశాఖపట్నం, విజయవాడ మీదుగా చెన్నై చేరుతుంది. మనలో చాలామంది అమ్మమ్మ ఊరికి వెళ్లే దారి అది. పారిశ్రామికవాడకు సరుకు మోసే భారీ లారీలు, షిఫ్టు ముగించి ఇళ్లకు వెళ్లే బండ్లు, ఇక్కడి రోడ్ల మీద పక్కపక్కనే వెళ్తుంటాయి.

ఉద్యోగరీత్యా నేను చాలా ఊళ్లు తిరిగాను. ఒక అలవాటు అన్నిచోట్లా చూశాను. పోలీసులు గట్టిగా ఉన్న ఊళ్లో హెల్మెట్ తల మీద ఉంటుంది. అదే మనిషి బదిలీ అయి పోలీసులు పట్టించుకోని ఊరికి రాగానే అది అద్దానికి వేలాడుతుంది, లేకపోతే పెట్రోలు ట్యాంకు మీద కూర్చుంటుంది. కాలనీలోనే కదా, ఇక్కడికే కదా అంటారు. మీకు నాలుగేళ్లకోసారి ఇల్లు మారుతుంది, బడి మారుతుంది, స్నేహితులు మారతారు, రెండో భాష కూడా మారుతుంది. పుర్రె గట్టితనం మాత్రం ఏ ఊళ్లోనైనా ఒకటే. రోడ్డు కూడా ఏ ఊళ్లోనైనా అంతే గట్టిగా ఉంటుంది.

పిల్లలూ, మీలో ఎవరికీ బండి నడిపే వయసు ఇంకా రాలేదు. గేరు బండికి 18 ఏళ్లు నిండి, లైసెన్సు ఉండాలి. కానీ వెనక కూర్చునే వయసు అందరికీ ఉంది. కాబట్టి ఈ నాలుగు పనులు మీరు ఈరోజే చేయవచ్చు.

మీ తలకు సరిపోయే హెల్మెట్ అడగండి. నాన్నగారి పాత హెల్మెట్ మీకు వదులవుతుంది. దాని మీద ఐ.ఎస్.ఐ. గుర్తు ఉందో లేదో చూడండి. గడ్డం కింద పట్టీ బిగించండి. పట్టీ పెట్టని హెల్మెట్ మీకంటే ముందే రోడ్డు మీద పడుతుంది. ఇంట్లో ఎవరైనా హెల్మెట్ మరిచి బండి తీస్తే, దాన్ని తెచ్చి మర్యాదగా వాళ్ల చేతికివ్వండి. పెద్దలకు ఎదురుచెప్పడం వేరు, పెద్దలను కాపాడుకోవడం వేరు.

ఒక వడ్రంగి కొడుకు సముద్రాలు దాటి వచ్చి, లోకంలోనే పేరున్న శస్త్రవైద్యుల్లో ఒకడయ్యాడు. తన కత్తి కాపాడలేని వాళ్లను కాపాడటానికి ఒక డొప్పను, ఒక పట్టీని నమ్మాడు. తనకు ఎన్నడూ పరిచయం లేని లక్షలాది మందికి ఆ రెండూ ప్రాణం పోశాయి. రేపు ఉదయం మీరు బండి ఎక్కేటప్పుడు గడ్డం కింద పట్టీ టక్కుమని పడిన శబ్దం వినిపిస్తే, సర్ హ్యూ కెయిర్న్స్ పడిన శ్రమ మీ వరకూ చేరినట్టే.